మోటార్‌సైకిల్ రేసింగ్ లైసెన్సు: పూండి నుంచి బయలుదేరే వారికి

మోటార్‌సైకిల్ రేసింగ్ లైసెన్సు అంటే, జన సంచారానికి మూసేసిన ట్రాకు మీద జరిగే పోటీల్లో బండి నడపడానికి క్రీడా సమాఖ్య ఇచ్చే అనుమతి పత్రం. రవాణా శాఖ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సుకూ దీనికీ చుట్టరికం లేదు. దాన్ని ప్రభుత్వం ఇస్తుంది, దీన్ని మోటారు క్రీడా క్లబ్బులన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య ఇస్తుంది. మన దేశంలో ఆ సమాఖ్య పేరు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. ఆ పని మీద తిరిగేవాళ్లు దాన్ని ఎఫ్ఎంఎస్‌సీఐ అంటారు. ట్రాకు పోటీలకు డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి కాదు. అది ఇరవై ఏళ్లుగా జేబులో ఉన్నా రేసులో నిలబడటానికి అక్కరకు రాదు.

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని పూండి హౌరా-చెన్నై రైలు మార్గం మీద పలాసకూ నౌపడకూ మధ్య ఉన్న స్టేషన్. చుట్టూ ఉద్దానం: జీడితోటలు, కొబ్బరి, పనస, వాటి మధ్య ఇసుక నేల మీద సాగే సన్న రోడ్లు. కాస్త పడమరగా పలాస, టెక్కలి మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి పోతుంది. బండి మీద మోజున్న కుర్రాళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఆ మోజుకు చట్టబద్ధమైన చోటు మాత్రం దగ్గరలో ఎక్కడా లేదు. జాతీయ ఛాంపియన్‌షిప్ పోటీలు సాగే తారు ట్రాకుల్లో పూండి వాళ్లకు అందుబాటులో ఉన్నది చెన్నై పక్కన ఉంది, రైల్లో వెయ్యి కిలోమీటర్లకు కొంచెం తక్కువ. లైసెన్సు ఫీజు గురించి అడిగేవాళ్లు ముందు ఈ దూరం లెక్క వేసుకోవాలి. అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.

రోడ్డు పందెం, చట్టం

తెలుగులో ‘బైకు రేసు’ అనగానే గుర్తొచ్చేది రాత్రిపూట హైవే మీద జరిగే పందెం. పత్రికలు ఆ మాటను ఆ అర్థంలోనే వాడి వాడి, క్రీడకు పేరు లేకుండా చేశాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనాల మధ్య పందెం గానీ వేగ పరీక్ష గానీ పెట్టనిచ్చినా, అందులో పాల్గొన్నా నేరం. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకు 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ.

‘రోడ్డు మీద కాదు కదా, బీచ్‌లో తిప్పుకుంటున్నాం’ అనే వాదన ఇక్కడ నిలవదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా ఈ చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. అక్కుపల్లి దగ్గరి శివసాగర్ తీరమైనా అంతే. పైగా ఈ తీరంలోని ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. చక్రాలు తొక్కిన ఇసుక కింద ఏముందో బండి మీది వాడికి తెలియదు.

మైనరు చేతికి బండి ఇచ్చే తల్లిదండ్రులకు ఇంకో సెక్షన్ ఉంది. 199ఎ కింద సంరక్షకుడికి 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. నేరం చేసిన పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా డ్రైవింగ్ లైసెన్సు రాదు. హైస్కూలు పిల్లాడికి కీస్ ఇచ్చేటప్పుడు ఈ చివరి ముక్క ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లో బండి బీమా కాగితం ఉంటే ఒకసారి తీసి చూడాలి. వాడకానికి పరిమితులు అనే భాగంలో, చిన్న అక్షరాల్లో, బాడుగకు తిప్పడం పక్కనే రేసింగ్, వేగ పరీక్షలు కూడా రాసి ఉంటాయి. వీటికి వాడితే పాలసీ వర్తించదని దాని అర్థం. అధికారికంగా జరిగే ట్రాకు రేసుకు కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే రోజూ తిరిగే బండిని ట్రాకు మీదికి తీసుకుపోదామనుకునేవాడు, అక్కడ పడితే బాగుచేయించే డబ్బు తన జేబులోంచే పోతుందని ముందే అనుకోవాలి.

సమాఖ్య, ట్రాకులు

ప్రపంచంలో మోటార్‌సైకిల్ క్రీడను నడిపేది ఎఫ్ఐఎం. 1904లో పారిస్‌లో పుట్టి, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని మీస్ నుంచి పనిచేస్తోంది. దేశానికి ఒక సమాఖ్యను అది గుర్తిస్తుంది. మన దేశంలో ఆ గుర్తింపు 1971లో ఏర్పడిన ఎఫ్ఎంఎస్‌సీఐది. కార్ల క్రీడకు ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ గుర్తించిందీ దీన్నే. సమాఖ్య కింద క్లబ్బులు ఉంటాయి. పోటీ పెట్టేది క్లబ్బు, అందుకు పర్మిట్ ఇచ్చేదీ రూలు పుస్తకం రాసేదీ సమాఖ్య. పర్మిట్ లేని పోటీలో లైసెన్సుదారు పాల్గొంటే అతని మీద చర్య తీసుకోవచ్చు. హైవే పందేల్లో మొనగాడని పేరు తెచ్చుకున్నవాడికి ఇక్కడ ఆ పేరు వల్ల నష్టమే గాని లాభం లేదు.

దక్షిణ భారతంలో ఈ క్రీడకు పుట్టిల్లు మద్రాసు. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం విమానాల రన్‌వే మీద చాలా ఏళ్లు రేసులు నడిపింది. గాలిలోకి లేవడానికి వేసిన సిమెంటు దారి మీద నేలని అంటిపెట్టుకుని పరుగెత్తడం నేర్చుకున్న తరం అది. తర్వాత క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. 1990 నుంచి వాడుకలో ఉన్న ఈ ట్రాకు ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే 2003లో తెరిచారు. అది 2.1 కిలోమీటర్లే. రేసు కార్లు తయారుచేసి ఎంతోమందిని ఈ క్రీడలోకి తెచ్చిన ఎస్. కరివర్ధన్ పేరు దానికి పెట్టారు, 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. ఉత్తరాన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 2011లో వచ్చింది. 2023 సెప్టెంబరులో మోటోజీపీ జరిగింది అక్కడే. కొత్తగా నేర్చుకునేవాడికి అది టీవీలో చూసే ట్రాకు. కాళ్లు పెట్టేది మాత్రం ఇరుంగాట్టుకోట్టైలోనో కోయంబత్తూరులోనో.

తెలుగు నేల మీద పెద్దగా గుర్తున్న రేసు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. 2023 ఫిబ్రవరి 11న ఎలక్ట్రిక్ కార్లు ఆ వీధుల్లో తిరిగాయి, ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాలుగు చక్రాలకు దొరికిన ఆ మర్యాద రెండు చక్రాలకు దొరకలేదు. తమిళ నటుడు, రేసరు అజిత్ కుమార్ పుట్టింది తెలుగు నేల మీదే, సికింద్రాబాద్‌లో. ఆయన కార్ల రేసుల్లోకి వెళ్లకముందు బైకుల మీదే తిరిగాడు. కానీ ఆయన నేర్చుకున్నదీ మద్రాసు చుట్టుపక్కలే.

బడి

మొదటిసారి సర్క్యూట్ రేసింగ్ లైసెన్సు అడిగేవాడు సమాఖ్య గుర్తించిన శిక్షణ సంస్థలో పాఠం పూర్తిచేసినట్టు పత్రం చూపాలి. జాతీయ ఛాంపియన్లుగా ఉండి రిటైరైనవాళ్లు, ఇంకా పోటీల్లో ఉన్నవాళ్లు ఇలాంటి బడులు నడుపుతున్నారు. చెన్నైలో రజనీ కృష్ణన్ అకాడమీ అందులో పేరున్నది. కేవలం మెళకువలు నేర్పే బడులు వేరే ఉన్నాయి. అమెరికాలో కీత్ కోడ్ 1980లో మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ చెన్నైకి కూడా వచ్చి వెళుతుంటుంది. ఎక్కడైనా డబ్బు కట్టే ముందు ఒకే ప్రశ్న అడగాలి: ‘మీరిచ్చే పత్రం ఈ ఏడాది లైసెన్సుకు చెల్లుతుందా?’

బడిలో ముందు బండి ఎక్కనివ్వరు. బల్లల ముందు కూర్చోబెట్టి జెండాలు నేర్పుతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే ట్రాకు జారుతోంది, నూనో నీళ్లో పడ్డాయి. నీలం చూపితే ఒక చుట్టు ముందున్నవాడు వెనక నుంచి వస్తున్నాడు, అతన్ని దాటనివ్వు. నల్ల జెండాతో పాటు నీ నంబరు కనిపిస్తే బండ్లు ఆపే పిట్ లేన్‌లోకి రావాలి. నల్ల జెండాలో నారింజ రంగు గుండ్రం ఉంటే నీ బండిలో ఏదో చెడింది, నీకు కనపడకపోయినా వాళ్లకు కనపడింది, వెంటనే ట్రాకు వదలాలి. ఎర్రది ఊపితే రేసు ఆగినట్టే. రోడ్డు మీద ఎదుటివాడి హారన్ విని బతకడం అలవాటైనవాడికి ఈ మౌన భాష కొత్త. ట్రాకు మీద హారన్ ఉండదు, అద్దాలు ఉండవు. వెనక ఎవడున్నాడో చూడటం నీ పని కాదు, ముందున్నవాడిని తగలకుండా దాటడం వెనకవాడి పూచీ. ఊళ్లో నేర్చుకున్న అలవాటు అంత తేలిగ్గా వదలదు. తల వెనక్కి తిప్పి చూసే కుర్రాడిని చూడగానే శిక్షకుడికి తెలిసిపోతుంది, వీడు రోడ్డు నుంచి తిన్నగా వచ్చాడని.

తర్వాత దారి. మలుపులోకి బయటి అంచు నుంచి దిగి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి వదలడం. వేగం ఎక్కడ తగ్గించాలో గుర్తుకు ట్రాకు పక్కన బోర్డులు ఉంటాయి. ముందు చక్రం బ్రేకును మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కడం, మలుపు మొదలయ్యాక అంతే మెల్లగా వదలడం. ఉద్దానం ఇసుక రోడ్ల మీద ముందు బ్రేకు పట్టుకుంటే పడతామని వెనక బ్రేకుకే అలవాటుపడ్డ కాలికి ఇక్కడ దాదాపు పని ఉండదు.

పడటం కూడా పాఠమే. బండి జారిపోతే దాన్ని వదిలేయాలి, పట్టుకుని వేలాడకూడదు. చేతులు దగ్గరికి తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆగిపోయామని అనిపించగానే లేవకూడదు. అప్పటిదాకా వంద మీద ఉన్న కంటికీ ఒంటికీ ముప్పై అంటే ఆగినట్టే తోస్తుంది. అలా జారుతుండగానే లేచి నిలబడబోయి మళ్లీ బొక్కబోర్లా పడి చేయి విరగ్గొట్టుకున్నవాళ్లు ఏ ట్రాకులోనైనా ఉంటారు. లోపల ఒకటీ రెండూ అని లెక్కపెట్టి, ఆకాశం కదలడం లేదని చూసుకుని, అప్పుడు లేచి ట్రాకు వైపు కాకుండా కంచె వైపు నడవాలి.

కాగితాలు

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫొటో, గుర్తింపు, వయసు రుజువు, శిక్షణ పత్రం, రక్తం గ్రూపు, డాక్టరు సంతకంతో వైద్య ధ్రువీకరణ, ఫీజు. 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల అంగీకార పత్రం తప్పనిసరి. ప్రమాదం జరిగితే నిర్వాహకులను బాధ్యులను చేయబోమన్న హామీ కూడా ఉంటుంది. నోటరీ దగ్గర సంతకం పెట్టే ముందు తండ్రి ఆ కాగితం మొత్తం చదవాలి. చాలామంది చదవరు. రేసింగ్ లైసెన్సు తీసుకున్నవాడికి నిషేధిత ఉత్ప్రేరకాల (డోపింగ్) పరీక్షల నిబంధనలు కూడా వర్తిస్తాయి. జిమ్ములో ఎవడో ఇచ్చిన పొడి గురించి ముందే ఆలోచించుకోవాలి.

వైద్య పత్రాన్ని ఊళ్లో చాలామంది లాంఛనంగా తీసుకుంటారు. బీపీ చూసి, కళ్లు చూసి, సంతకం. ఉద్దానం నుంచి వెళ్లేవాడు మాత్రం దీన్ని లాంఛనం అనుకోకూడదు. కారణం తేలని మూత్రపిండాల జబ్బుకు ఈ ప్రాంతం దశాబ్దాలుగా పేరు మోసింది. ఆ జబ్బు కోసమే పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఇక్కడ ఇంటింటి మాట. తోలు సూటు వేసుకుని, తలకు నిండు హెల్మెట్ పెట్టుకుని చెన్నై ఎండలో రేసు మొదలయ్యే గ్రిడ్ మీద నిలబడితే ఒంట్లో నీరు చెమటగా పోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు ట్రాకెక్కితే ఆ నష్టం పెరుగుతూ పోతుంది. దరఖాస్తు ఫారం అడిగినా అడగకపోయినా బయలుదేరే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం ఈ గడ్డ మీది కుర్రాడికి తెలివైన పని. నొప్పి మాత్రలు మింగి మర్నాడు రేసు నడిపే అలవాటు ఎవరికీ మంచిది కాదు. ఇక్కడివాళ్లకు మరీ చెడ్డది.

బండి, బట్టలు

రేసుకు ముందు బండి తనిఖీ (స్క్రూటినీ) ఉంటుంది. టెంటు కింద ఒక బల్ల, చేతిలో టార్చి, ఒక పెద్దాయన. హెడ్‌లైట్, సూచిక దీపాలు, అద్దాలు, స్టాండు ఉండకూడదు. ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు చిన్న రంధ్రం చేసి, సన్న స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి దేనికో కట్టి ఉండాలి. అదురుకు బోల్టు వదులైనా ఊడి పడకుండా ఆ తీగ. ఆయిల్ ఒక చెంచాడు ట్రాకు మీద పడ్డా వెనక వచ్చే పదిమంది పడతారు. ఆ పెద్దాయన తీగను చూపుడు వేలితో ఒకసారి మీటుతాడు. బిగువుగా పలికితే సరే, వేలాడితే వెనక్కి. రేడియేటర్ ఉన్న బండిలో మామూలు కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోయిస్తారు, కారణం అదే జారుడు. వెనక పళ్ల చక్రం దగ్గర చైనులోకి చేయి గానీ కాలు గానీ పోకుండా చిన్న రెక్క, బ్రేకు లివరును పక్కవాడి హ్యాండిల్ తగలకుండా అడ్డుగా ఇంకో కొమ్ము. ఇన్ని మార్పుల తర్వాత ఆ బండి రోడ్డు మీద తిరగడానికి పనికిరాదు. ట్రాకు దాకా ఆటో ట్రాలీలోనో వ్యానులోనో వస్తుంది.

హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర ఉంటే రోడ్డు మీద పోలీసు ఊరుకుంటాడు. ట్రాకు మీద ఆ పోటీ నిబంధనల్లో రాసిన ప్రమాణం ఉండాలి. ఈసీఈ, స్నెల్ లాంటి పేర్లు కనిపిస్తాయి. గడ్డం కింద క్లిప్పు కాదు, రెండు ఉంగరాల్లోంచి దూర్చి లాగే పట్టీ. ఒకే ముక్కగా కుట్టిన తోలు సూటు, వెన్నుకు కవచం, మణికట్టు కప్పే చేతి తొడుగులు, చీలమండలు కప్పే బూట్లు. ఒకసారి గట్టిగా కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగున్నా ఇక పనికిరాదు. సెకండ్ హ్యాండ్ సూటు కొనుక్కోవచ్చు, సెకండ్ హ్యాండ్ హెల్మెట్ కొనకూడదు.

డబ్బు

ఈ క్రీడలో లైసెన్సు ఫీజు అన్నిటికన్నా చిన్న ఖర్చు. సూటు, బూట్లు, హెల్మెట్ కలిస్తే పదుల వేలు. టైర్లు, ఎంట్రీ ఫీజు, మెకానిక్కు, రైలు, బస, ఇవన్నీ ప్రతి రౌండుకూ మళ్లీ మొదలు. సామాన్య కుటుంబం నుంచి వచ్చినవాడికి తెరిచి ఉన్న తలుపు కంపెనీల వన్-మేక్ పోటీలు. అందరికీ ఒకే మోడల్ బండి, దాన్ని కంపెనీయే ఇస్తుంది, బాగు చేస్తుంది. ఎంపిక కోసం కొన్ని చుట్లు నడిపించి సమయం చూస్తారు. 1982 నుంచి రేసింగ్ విభాగం నడుపుతున్న టీవీఎస్ ఇందులో పాతకాపు, కొత్తవాళ్లకూ మహిళలకూ విడి తరగతులు పెట్టింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021లో కాంటినెంటల్ జీటీ కప్ మొదలుపెట్టింది. అక్కడ అందరూ ఒకే బండి మీద ఉంటారు కాబట్టి ఓడినవాడికి బండిని తిట్టుకునే వీలుండదు. మంచి విషయమే.

కొత్తవాళ్ల రేసు సాధారణంగా ఆరేడు చుట్లు. ఇరుంగాట్టుకోట్టైలో ఆరు చుట్లంటే 22 కిలోమీటర్లు, పలాస నుంచి టెక్కలికి వెళ్లేంత కూడా ఉండదు. పావుగంట లోపే అయిపోయే దాని కోసం రాత్రంతా రైలు ప్రయాణం, రెండు రోజుల సెలవు.

ఇతర దారులు

తారు ట్రాకు ఒక్కటే దారి కాదు. ర్యాలీల్లో ఒక దశకూ ఇంకో దశకూ మధ్య మామూలు రోడ్డు మీద ప్రయాణం ఉంటుంది కాబట్టి, అక్కడ రేసింగ్ లైసెన్సుతో పాటు డ్రైవింగ్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, బీమా కూడా అడుగుతారు. మట్టి దిబ్బల మీద ఎగిరే సూపర్‌క్రాస్‌కు లైసెన్సు వేరు. ఈ మట్టి దారిలో మనవాళ్లు ప్రపంచాన్ని మెప్పించారు. బెంగళూరు వాడు సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు. కేరళ వాడు హరిత్ నోవా 2024లో ఆ ర్యాలీలోనే ర్యాలీ-2 తరగతి గెలిచాడు. 2019లో బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే బాహాస్ ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది. ఇసుక నేల మీద పెరిగినవాడికి ఈ దారే దగ్గరేమో.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు పని కొంత తేలిక. ట్రాకులు దగ్గర, ప్రాంతీయ క్లబ్బులు ఎక్కువ. బ్రిటన్‌లో ఆటో సైకిల్ యూనియన్ అనే 1903 నాటి సంస్థ పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. కొత్తవాడు సూటు మీద నారింజ రంగు బనియను తొడుక్కుని నడపాలి. ప్రమాదం లేకుండా పూర్తిచేసిన రేసులకు అధికారుల సంతకాలు కూడబెట్టుకుంటే ఆ బనియను విప్పొచ్చు. ఉత్తర కాలిఫోర్నియాలో 1954 నుంచి ఉన్న ఏఎఫ్ఎం క్లబ్బు కొత్తవాళ్లకు సొంతంగా బడి నడుపుతుంది. అక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి శనివారం పొద్దున బండిని ట్రక్కులో వేసుకుపోయి ఆదివారం రాత్రికి ఇల్లు చేరతాడు. పూండి వాడికి ఆ సౌకర్యం లేదు.

వయసు, ప్రాణం

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు కూడా మన జాతీయ పోటీల్లో నడిపారు. హోండా తన టాలెంట్ కప్ కోసం ఆ వయసు వాళ్లనే వెతికి పట్టింది. ప్రపంచ స్థాయికి వెళ్లాలంటే ఆ వయసులోనే మొదలుపెట్టాలన్నది ఆ రంగం వాదన. 2011లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నడిపిన చెన్నై వాడు శరత్ కుమార్ తర్వాత మనవాళ్లెవరూ అక్కడ నిలదొక్కుకోలేదన్న బెంగ కూడా ఉంది. కానీ 2023 ఆగస్టులో చెన్నై ట్రాకు మీద 13 ఏళ్ల బెంగళూరు పిల్లవాడు రేసులో పడి చనిపోయాడు. పద్దెనిమిది నిండని పిల్లల కోసం తల్లిదండ్రులు ఆ అంగీకార పత్రం మీద సంతకం పెట్టవద్దని నా మాట. కాదనేవాళ్ల దగ్గర కారణాలున్నాయి, అవి ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలు. మొదటి రేసుకు టికెట్టు కొనుక్కుంటున్న ఉద్దానం కుర్రాడికి ఆ లెక్కలతో పని లేదు.

లైసెన్సు కేలండర్ ఏడాదికే చెల్లుతుంది. ఏ నెలలో తీసుకున్నా డిసెంబరు 31తో అయిపోతుంది, మళ్లీ దరఖాస్తు, మళ్లీ డాక్టరు. జాతీయ పోటీలు సాధారణంగా వేసవి పోయాక మొదలై ఏడాది చివరి నెలల దాకా సాగుతాయి. అందుకని మార్చి, ఏప్రిల్‌లో బడికి వెళ్లి పత్రం తెచ్చుకున్నవాడికి ఒక సీజన్ చేతికొస్తుంది. జీడిపిక్కలు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులు కూడా కొంచెం అటూ ఇటూగా అవే.